లెక్కలో పడని కాళ్లు

ఉదయం ఆరు కాకముందే ఆయన పెద్ద రోడ్డు పక్కన గొడుగు పాతి, మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో ఆరు మీటల యంత్రం పెట్టుకుని కూర్చునేవాడు. లారీ పోతే మొదటి మీట, బస్సు పోతే రెండోది, కారుకు మూడోది, ట్యాంకరుకు నాలుగోది, వ్యానుకు ఐదోది. ఈ ఐదింటిలో దేనికీ చెందని బరువు బండి వస్తే ఆరో మీట. దానికి కాగితంలో ‘ఇతరములు’ అని గడి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అంకెలన్నీ గడుల్లో వేసి, కింద సంతకం చేసి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. రోడ్ల శాఖలో పంతొమ్మిదేళ్లుగా ఆయన పని ఇదే. ఉద్యోగం మాత్రం ఇంకా తాత్కాలికమే. వాడలో అందరూ ఆయన్ను మీటలాయన అంటారు. అసలు పేరు శాఖ రిజిస్టరులో ఉంటే ఉండవచ్చు, చుట్టాలకే సరిగా గుర్తు లేదు.

ఆ వారం ఏడు రోజుల లెక్క పడింది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన భార్య టిఫిను డబ్బా పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. ఆవిడ అవతలి వైపు పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు ఆయా. పొద్దున ఏడింటి లోపు అటు దాటుతుంది. మధ్యాహ్నం మొగుడికి తిండి పెట్టడానికి ఇటు దాటుతుంది, అరగంటలో మళ్లీ అటు, సాయంత్రం పని దిగాక ఇటు. రోజుకు నాలుగు సార్లు.

“తిను. చల్లారిపోతోంది,” అంది.

“ఆగవే, బస్సు.” నొక్కాడు. “ఆ, ఇప్పుడు పెట్టు.”

కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో నొక్కుతున్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆ ఎడమచెయ్యి కూడా ఆరితేరింది. అంతలో ఆవిడ తమ్ముడు, సైకిలు వెనక రొట్టెల బుట్ట కట్టుకుని వాడవాడలా అమ్ముకునేవాడు, రోడ్డు దాటబోతూ గొడుగు దగ్గర ఆగాడు.

“బావా, నన్ను కూడా ఒక నొక్కు నొక్కవా? పుణ్యముంటుంది.”

“నీకు ఇంజనుందిట్రా?”

“అక్క చేతి తిండి తిన్నవాడికి ఇంజనెందుకు బావా? పొగ దానంతటదే వస్తుంది.”

ఆవిడ డబ్బా మూత విసిరింది. వాడు తప్పించుకున్నాడు. ముగ్గురూ కడుపారా నవ్వుకున్నారు. వాడు సైకిలు తోసుకుంటూ అవతలికి పోయాడు. వాడి వెనకే బడిపిల్లలు పదిమంది, చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒక తల్లి, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన దాటారు. మీటలాయన వేలు కదల్లేదు.

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా! ఆ నవ్వు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక వాడకు వాడ కొంప మునిగే పని అక్కడే జరిగిపోయింది. ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. నేను అక్కడున్నా వాళ్లతో పాటు నవ్వేసేవాణ్ణే, అబద్ధమెందుకు?

మీటలాయన చెడ్డవాడు కాడు, సోమరి అంతకంటే కాడు. శాఖలో చేరిన రోజు సూపర్వైజరు ఆయనకు ఒకే ఒక పాఠం చెప్పాడు. “రోడ్డును తినేది ఇరుసు మీది బరువు. మనిషి నడిస్తే రోడ్డు అరగదు, సైకిలు తొక్కితే అరగదు. అరగదీసేవాటినే నొక్కు.” ఆ రోజుల్లో లెక్క ఎందుకంటే తారు ఎంత మందం వేయాలో తేల్చుకోవడానికి. ఆ పనికి ఆ పాఠం సరైనదే. ఆయన దాన్ని పట్టిన పట్టు విడవలేదు. ఎండలో, వానలో ఒక్క లారీని వదిలిపెట్టి ఎరగడు. ఆయన లెక్కకు తిరుగులేదని శాఖలో పేరు కూడా వచ్చింది.

కానీ ఈసారి లెక్క తారు కోసం కాదు. ఆ ఏడాది ప్రత్యేక రహదారుల చట్టం వచ్చింది. వేగంగా పోయే మోటారు బండ్లకే కొన్ని రోడ్లు కేటాయించవచ్చు, ఇప్పుడున్న పెద్ద రోడ్లను కూడా అలా మార్చేయవచ్చు అంది ఆ చట్టం. కాలినడక, సైకిలు, తోపుడుబండి, మోపెడు, మూడు చక్రాల బండి నిషేధం. రెండు వైపులా కంచె. పత్రికలు మెచ్చుకున్నాయి. మీటలాయనా మెచ్చుకున్నాడు, ఆ రోడ్డు మీద ఎన్ని శవాల మీద గుడ్డ కప్పడం చూశాడో ఆయనకే తెలుసు. నేనూ తప్పు పట్టను. వేగానికీ నడకకూ పొత్తు కుదరదు. పైగా చట్టం రాసినవాళ్లు కళ్లు మూసుకుని రాయలేదు. పదకొండో సెక్షనులో స్పష్టంగా పెట్టారు: నిషేధించిన తరగతులవాళ్లు రోజుకు ఐదువందల మందికి మించి రోడ్డు దాటే చోట, ప్రభుత్వమే భూమి కింద నుంచి దారి కట్టించాలి, అది పూర్తయ్యేదాకా కంచె వేయకూడదు. ఐదువందలకు తక్కువైతే ఆ చోటు మూసేయవచ్చు. ఎంతమంది దాటుతున్నారో ఏడు రోజుల లెక్క తేలుస్తుంది.

చట్టం కొత్తది, లెక్క కాగితం పాతది. కొత్త కాగితాలు అచ్చు వేయించాలి. పాతవేమో బీరువాలో కట్టలు కట్టలు మిగిలి ఉన్నాయి. “ముందు ఉన్నవి అయిపోనీయండి,” అన్నారు ఎవరో. ఎవరన్నారో ఇవాళ్టికీ ఎవరూ చెప్పరు. ఆ పాత కాగితంలో దాటేవాళ్లకు గడి లేదు. చట్టంలో పదకొండో సెక్షను ఉందని మీటలాయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఏడు రోజులు కూర్చున్నాడు, సంతకం పెట్టాడు, ఇచ్చేశాడు. ‘ఇతరములు’ గడిలో మూడు పడ్డాయి: ఒక రోడ్డు రోలరు, ఒక క్రేను, పడవను మోసుకుపోతున్న ఒక పొడవాటి ట్రక్కు.

నెల తిరక్కుండా నీళ్ల ట్యాంకు గోడ మీద నోటీసు పడింది. ఆయా ఆసుపత్రి నుంచి వస్తూ గుంపు చూసి ఆగింది. ముందుకు తోసుకుపోయి పైకి చదివింది.

“‘నలభై రెండవ కిలోమీటరు రాయి వద్ద నిషేధిత తరగతుల రాకపోకలు లేవు. కావున ఈ చోటు మూసివేయబడును. అభ్యంతరములు ఈ నెల ఇరవై ఆరున జరుగు విచారణలో తెలుపవలెను.’”

“లేవు అంటే?” అన్నాడు రొట్టెల తమ్ముడు.

“మనం లేమని.”

“మనం లేకపోవడమేంటక్కా, ఇక్కడే నిలబడితే?”

ఎవరూ నవ్వలేదు. ఆ వాడలో అవతలి వైపు పని లేని ఇల్లు ఒక్కటీ లేదు. ఆసుపత్రి అటు, బడి అటు, మార్కెట్టు అటు, బట్టల కార్ఖానా అటు. ఈ చోటు మూసేస్తే వంతెన దాకా ఆరు కిలోమీటర్లు నడవాలి, వంతెన దిగి ఆరు కిలోమీటర్లు వెనక్కి రావాలి. పొద్దున ఏడింటికి వార్డులో ఉండాల్సిన మనిషి నాలుగింటికే ఇల్లు విడవాలి. సాయంత్రం మళ్లీ అంతే. ఏ మనిషి ఎన్నాళ్లు నడుస్తుంది? ఆయా పని పోయినట్టే అనుకోండి. ఆవిడ ఒక్కతే కాదు, కార్ఖానాకు పోయే ఆడపిల్లలందరిదీ అదే గతి.

ఆవిడ ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా అడిగింది.

“ఏమయ్యా, ఆ లెక్క ఎవరు రాశారు?”

“ఏ లెక్క?”

“మనం లేమన్న లెక్క.”

విషయం అర్థమయ్యేసరికి మీటలాయన మొహం పాలిపోయింది. “నేను లేరని రాయలేదే! బండ్లను లెక్కపెట్టాను. మనుషుల గురించి అసలేమీ రాయలేదు. ఆ కాగితంలో గడి లేదు.”

“ఏమీ రాయకపోతే పైవాళ్లు ఏమనుకుంటారు? వార్డులో పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే నేను చార్టులో రాయకుండా ఊరుకున్నాననుకో. డాక్టరు వచ్చి చూసి జ్వరం లేదనుకుంటాడు. పిల్లాడికేదైనా అయ్యాక, గడి లేదండీ అంటే నన్ను బతకనిస్తారా?”

“నా పని బండ్లు లెక్కపెట్టడమేనే.”

“నీ ముందు నుంచే కదయ్యా నాలుగేసి సార్లు దాటాను. నేను తెచ్చిన తిండి తిన్నావు. ఒక్కసారి, ఒక్కసారైనా, ఇది కూడా మనిషే కదా అనిపించలేదా?”

ఆవిడకు కోపం కంటే దుఃఖం ఎక్కువైంది. చెప్పులు అప్పుడు విడిచింది, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన శాఖ ఆఫీసులో సూపర్వైజరు బల్ల ముందు నిలబడ్డాడు.

“సార్, నలభై రెండో రాయి దగ్గర లెక్క తప్పింది.”

“నీ లెక్కా? తప్పా?” సూపర్వైజరు నవ్వాడు. “పొద్దున్నే ఏం తాగొచ్చావయ్యా?”

మీటలాయన చెప్పుకొచ్చాడు. నవ్వు ఆగిపోయింది. సూపర్వైజరు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

“ఇంకో ఏడు రోజులు కూర్చుంటాను సార్. ఈసారి దాటేవాళ్లను రాస్తాను.”

“ఆర్డరు లేకుండా కూర్చుంటే అది నీ సొంత లెక్క. చెత్తబుట్టకు కూడా పనికిరాదు. నువ్వు సంతకం పెట్టిన కాగితం పైకి పోయింది. అది తప్పని తేలాలంటే, పెట్టినవాడే విచారణలో నిలబడి తప్పు రాశానని చెప్పాలి. తప్పుడు లెక్క రాసినవాణ్ణి శాఖ ఉంచుకుంటుందా? పంతొమ్మిదేళ్లకు నీ పర్మినెంటు ఫైలు కదిలిందయ్యా, ఈ నెలాఖరుకి సంతకాలైపోతాయి. నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసుకుంటావా?”

“మరి ఆ వాడవాళ్లు?”

“వాళ్లకు నోరు లేదా? వాళ్లే చెప్పుకుంటారు. నువ్వు ఇంటికి పోయి పడుకో.”

సూపర్వైజరును దుర్మార్గుడనుకోకండి. ఆయన నిజంగా మీటలాయన మేలే కోరాడు. మన చుట్టూ జరిగే అన్యాయాల్లో సగం ఇలాంటి మేలు కోరేవాళ్ల చేతుల మీదుగానే జరిగిపోతుంటాయి, అదీ నా బాధ.

పడుకోమన్నాడు కానీ ఎక్కడ పడుకుంటాడు? ఆ రోజు నుంచి మీటలాయన కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే వీధిలోకి పోతాడు, వీధిలోంచి నేరుగా నలభై రెండో రాయి దగ్గరికి పోతాడు. గొడుగు లేదు, కుర్చీ లేదు, యంత్రం శాఖలో అప్పగించేశాడు. అయినా బొటనవేలు ఊరుకోదు, తొడ మీద కొట్టుకుంటూనే ఉంటుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల ఆరువందల పన్నెండు మంది దాటారు. లెక్క తప్పిందేమోనని మర్నాడు మళ్లీ నిలబడ్డాడు. ఆరువందల నలభై. ఒక్క పూటకే చట్టం చెప్పిన అంకె దాటిపోయింది.

పంతొమ్మిదేళ్లు ఆ రోడ్డు పక్కన కూర్చున్న మనిషి దాటేవాళ్లను చూడటం అదే మొదలు. కార్ఖానా ఆడపిల్లలు ముగ్గురు ముగ్గురుగా ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని పరుగెత్తుతారు, మధ్యలో ఉన్నదాని కళ్లు మూసుకునే ఉంటాయి. చేతికర్ర ముసలాయన దాటడానికి పావుగంట ముందే వచ్చి అంచున నిలబడతాడు. తన సొంత బావమరిది సైకిలును, రొట్టెల బుట్టతో సహా, భుజానికెత్తుకుని మధ్య దిమ్మె ఎక్కుతాడు. వెనక నుంచి లారీ హారను కొడితే వాడి మెడ నరాలు ఉబ్బుతాయి. అక్కడ దిమ్మె ఉందన్న సంగతి మీటలాయనకు తెలుసు. దాని మీదుగా సైకిలు ఎత్తాలన్న సంగతి తెలియదు.

“ఏంటి బావా, ఇవాళ ఉత్త చేతులతో వచ్చావు?” అని అవతలి నుంచి కేకేశాడు వాడు. మీటలాయన తల తిప్పుకున్నాడు.

ఒక రోజు చెప్పేద్దాం అనుకుంటాడు. ఇంకో రోజు పర్మినెంటు ఫైలు గుర్తొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్య ఆ మాటే ఎత్తదు. ఎత్తి తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

ఇరవై రెండో తేదీన కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. ఇనుప స్తంభాలు అంతకు ముందే పాతేశారు. ఇప్పుడు దాటే చోట కూడా నాలుగు వరసల ముళ్లతీగ లాగారు. వాడవాళ్లు అడ్డం పడ్డారు. “విచారణ ఇంకా కాలేదు, ఆర్డరేది?” అని అడిగారు. “మాకు తారీఖు ఇచ్చారు, తీగ ఇచ్చారు. మిగతావి మాకేం తెలుసు?” అన్నారు వాళ్లు. ఆ మాటా నిజమే. అందరికీ వాళ్ల వాళ్ల ముక్కే తెలుసు.

మర్నాడు ఆయా ఆ తీగల మధ్య నుంచి దూరింది. పిక్క మీద జానెడు పొడవున చీరుకుపోయింది. కొంగు చివర చించి కట్టు కట్టుకుని, రోడ్డు దాటి, అవతలి తీగ కూడా దూరి, వార్డుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరింది. “ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటాం,” అని హెడ్డు నర్సు మొహం మీదే చెప్పింది.

సాయంత్రం మీటలాయన గోరువెచ్చని నీళ్లు పెట్టి ఆ గాయం కడిగాడు.

“మెల్లిగా,” అంది ఆవిడ. ఆయన కట్టు కడుతుంటే, “నువ్వు పోయి చెప్పమని నేను అడగను. సంతకం నీది, ఉద్యోగం నీది. పంతొమ్మిదేళ్లు ఎండలో కూర్చున్నది నువ్వు. కానీ రేపు కూడా నేను ఆ తీగల మధ్య నుంచే పోతాను. నాకింకో దారి లేదు. అది ఒక్కటి తెలుసుకో,” అంది.

ఇరవై ఆరో తేదీ పొద్దున పదింటికి పురపాలక కార్యాలయం మేడ మీద హాల్లో విచారణ మొదలైంది. ఆ కార్యాలయమూ అవతలి వైపే. అక్కడ దాటేవాళ్లు ఎవరూ లేరని తేల్చడానికి పెట్టిన విచారణకు నూట ముప్పై మంది ఆ తీగలు దూరి, ఆ రోడ్డు దాటే వచ్చారు. కొందరి చొక్కాలు చిరిగి ఉన్నాయి. ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలండీ? కానీ చిరిగిన చొక్కా కాగితం కాదు కదా.

విచారణాధికారిణి తల నెరిసిన మనిషి. ఎవరినీ కసురుకోలేదు, గంటన్నర సేపు అందరి మాటా విన్నది. రొట్టెల తమ్ముడు మాట్లాడాడు, కార్ఖానా పిల్ల ఒకతె ఏడ్చింది, ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. చివరికి అధికారిణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మీ మాట నమ్మాలనే ఉంది. కానీ నా ముందు సంతకమున్న లెక్క ఒకటుంది. చట్టం ప్రకారం నేను దాన్ని బట్టే పోవాలి. శాఖవారు ఏమంటారు?”

సూపర్వైజరు లేచాడు. “లెక్క సరైనదేనండి. పంతొమ్మిదేళ్లుగా ఆ మనిషి లెక్కలో ఒక్క పొరపాటు లేదు.”

వెనక వరసలో మీటలాయన లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. పక్కవాడు ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. మళ్లీ లేచి, ఈసారి కుర్చీల మధ్య నుంచి, నలుగురి కాళ్లు తొక్కుకుంటూ ముందుకు వచ్చాడు.

“అమ్మా, ఆ సంతకం నాది. ఆ లెక్క తప్పు.”

హాల్లో గుసగుసలు లేచాయి. సూపర్వైజరు గబగబా అందుకున్నాడు. “తప్పు కాదండి, అసంపూర్ణం అని ఆయన ఉద్దేశం. బండ్ల లెక్క సరిగ్గానే ఉంది.”

అధికారిణి మీటలాయన వైపే చూసింది. “ఆలోచించుకుని చెప్పండి. అసంపూర్ణం అంటే వివరణ కోసం ఫైలు మీ శాఖకు పంపిస్తాను. మీకేమీ కాదు. తప్పు అంటే మీ మాట నేను రాసుకోవాలి. ఆ తర్వాత మీ ఉద్యోగాన్ని నేను కాపాడలేను.”

“ఫైలు పోయి రావడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?”

“మూడు నెలలు, ఆరు నెలలు. చెప్పలేను.”

“అప్పటిదాకా తీగ ఉంటుందా?”

“ఉంటుంది.”

“తప్పంటే?”

“లెక్క ఇవాళే రద్దవుతుంది. లెక్కే లేనప్పుడు దాని మీద వేసిన కంచె నిలవదు.”

మీటలాయన భార్య కోసం చూశాడు. వార్డులో ఒక పూట సెలవడిగి వచ్చిన ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కావాలనే అటు తిరిగింది, తన మొహం చూసి ఆయన చెప్పకూడదని. ఆయనకా సంగతి అర్థమైంది. అధికారిణి వైపు తిరిగాడు.

“తప్పనే రాసుకోండమ్మా. ఏడు రోజులు అక్కడే కూర్చున్నాను. నా భార్య నా కళ్లముందే ఇరవై ఎనిమిది సార్లు దాటింది. ఒక్కటీ వేయలేదు. నేను యంత్రం చేత్తో పట్టుకునే టీ తాగడానికి పద్నాలుగు సార్లు దాటాను. నన్ను కూడా వేసుకోలేదు. నన్ను నేనే లెక్కలోకి తీసుకోనివాణ్ణి, వీళ్లనేం తీసుకుంటాను? పాత కాగితం ఇచ్చారు, గడి లేదు, నిజమే. కాగితంలో గడి లేకపోతే మనిషి లేడని నేనెట్లా అనుకున్నానమ్మా? సిగ్గేస్తోంది నాకు.”

పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. అధికారిణి చాలాసేపు రాసింది. రాసినది ఆయనకు చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. సూపర్వైజరు తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

“లెక్క రద్దు చేస్తున్నాను,” అంది ఆవిడ లేచి. “సాయంత్రంలోగా తీగ తీసేయాలి. కొత్త కాగితం మీద, నడిచేవారి గడి ముందుండేలా, మళ్లీ ఏడు రోజులు లెక్కించాలి. ఇక శాఖవారికి ఒక మాట. చట్టానికి సొంత కళ్లు లేవు. మనం రాసిచ్చిందే అది చూస్తుంది. పదకొండో సెక్షను రాసినవాళ్లు ఈ వాడవాళ్లను మరిచిపోలేదు, దారి వేయమనే రాశారు. ఆ దారిని మధ్యలో మింగేసింది మన అలవాటు. మంచి చట్టాన్ని పాడు చేయడానికి పెద్ద దొంగలు అక్కర్లేదు. అడగకుండా సంతకం పెట్టే మంచివాళ్లు చాలు.”

ఆ సాయంత్రం తీగ తీసేశారు. కొత్త లెక్కలో రోజుకు రెండువేల నూట నలభై మంది తేలారు. కింద నుంచి దారి మంజూరైంది, మట్టి తవ్వకం మొదలైంది. మీటలాయనకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం ఆ రెండు వాక్యాలతో ముగిసింది. ఆయన ఇప్పుడు బావమరిదితో కలిసి రొట్టెలు అమ్ముతున్నాడు. కష్టంగానే ఉంది. కష్టం లేదని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

అయినా ఆయన కాలు నిలవడం లేదు. ఒక రోజు పొద్దున్నే చెప్పులు వేసుకుని బయల్దేరుతుంటే ఆయా గుమ్మం దగ్గర ఆపింది.

“రొట్టెల బుట్ట ఇక్కడే ఉంది, ఎక్కడికి?”

“యాభయ్యో రాయి దగ్గరికి. అక్కడా ఒక దాటే చోటుంది.”

“మన చోటు మనకు వచ్చింది కదయ్యా, ఇంకా ఎందుకు?”

“ఈ రోడ్డు పొడవునా మనదానితో కలిపి అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయే. అన్నింటినీ ఆ పాత కాగితం మీదే లెక్కపెట్టారు. యాభయ్యో రాయి దగ్గర కూర్చున్నవాడు నా తోటివాడే. మంచివాడు. వాడిక్కూడా పెళ్ళాం తిండి తెచ్చి పెట్టే ఉంటుంది.”

ఆవిడ లోపలికి పోయి రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

అయ్యలారా, అమ్మలారా! మిగిలిన ముప్పై చోట్లలో ఎన్నింటికి కంచె పడిందో నాకు తెలియదు. ఈ కథ రాస్తున్నప్పుడు కూడా ఎవరో ఒక ఆయా ఎక్కడో ముళ్లతీగ దూరుతూ ఉండవచ్చు. మనలో ప్రతివారి చేతికీ ఏదో ఒక కాగితం వస్తూనే ఉంటుంది, గడులు నింపి సంతకం పెట్టమంటూనే ఉంటారు. పెట్టే ముందు కలం పక్కన పెట్టి, ఈ కాగితంలో ఎవరికి చోటు లేదు అని ఒక్కసారి గట్టిగా అడగండి.